తలుపు కొట్టనీకి రాలే

పోయిన వారం నర్సింహను గచ్చిబౌలిలో తొమ్మిదో అంతస్తు మీద, ఒక గాజు గదిలో, ఏసీ చలికి అరచేతులు రుద్దుకుంటూ ఉండగా వదిలేసి వచ్చేశాం. వారం రోజులుగా అక్కడే కూర్చున్నాడు పాపం. ఇంకా కూర్చోబెడితే మనకే మంచిది కాదు.

మధ్యలో చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. జీడిమెట్ల కిష్టమ్మ కొడుకు నర్సింహ ఒకప్పుడు ఆదర్శ్ అన్న పేరుతో పన్నెండు సినిమాల్లో హీరో. ఆ వైభవం మంట కలిసి పన్నెండేళ్లు దాటింది. ఎనిమిదేళ్లుగా ఒక ఐటీ క్యాంపస్‌లో ఫైర్ సేఫ్టీ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాడు. మొన్న వేసవిలో ఫైర్ డ్రిల్ రోజున మైకు పట్టుకుని, "పరేషాన్ గాకుండ్రి. జర నిమ్మళంగ, ఇద్దరిద్దరే దిగుండ్రి" అని అతను చెబుతుంటే రెండు వేల మంది తోసుకోకుండా మెట్లు దిగారు. దిగినవాళ్లలో ఉమాశ్రీ ఒకతె. అదే బిల్డింగులో ఉన్న ఓటీటీ కంపెనీకి వెబ్ సిరీస్ తీయబోతున్న డైరెక్టరు. ఆ గొంతు విని మెట్ల మీదే ఆగిపోయింది. వెనకవాళ్లు తిట్టుకుంటున్నా కదల్లేదు. నా కథలో తండ్రి ఈయనే, ఈయన కాకపోతే కథే తీయను అని భీష్మించుకు కూర్చుంది. సోమవారం షూటింగ్ మొదలు. ఇంతలో శుక్రవారం మధ్యాహ్నం కంపెనీ లీగల్ వ్యవహారాలు చూసే చైతన్య ఉన్నపళంగా రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు.

ఇప్పుడు చెప్పాడు. లాప్‌టాప్ ఇటు తిప్పి, దాని మీద పాకుతున్న రెండు గీతలు చూపించి, చాలా మర్యాదగా అడిగాడు.

"సార్, తప్పుగా అనుకోకండి. మీరు నిజంగా ఆదర్శ్ గారేనాండీ?"

నర్సింహకు ముందు నవ్వొచ్చింది. మెట్రోలో పక్కన కూర్చున్నవాళ్లు తనను గుర్తుపట్టక ఎన్నేళ్లయిందో. దానికి అలవాటు పడ్డాడు. గుర్తుపట్టి మరీ నువ్వు నువ్వు కాదనడం మాత్రం ఇదే మొదటిసారి. ముఖం చూస్తే తెలవడం లేదా అని అడిగాడు. ఈ రోజుల్లో ముఖాలను ఎవరు నమ్ముతారండీ, కంప్యూటర్లో ఎవరి ముఖాన్నయినా దింపేస్తున్నారు, అందుకే మా కంపెనీ గొంతు పట్టుకుంటుంది అన్నాడు చైతన్య. నటుల గొంతులను ఎవరూ దొంగిలించకుండా ముందుగా నమోదు చేసుకుంటారట. నర్సింహ మొన్న చదివి ఇచ్చిన పేజీని, ఆదర్శ్ పాత సినిమాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ సాఫ్ట్‌వేర్ ఒకటే మాట చెప్పిందట. ఇద్దరూ వేర్వేరు మనుషులు అని.

చైతన్యను అని లాభం లేదు. కాకినాడలో ఇంగ్లీషు సిరీస్‌లు చూస్తూ పెరిగినవాడు. ముఖం ఒకరిదీ గొంతు ఒకరిదీ అయిన మనిషి పేరును ఊళ్లలో గుండెల మీద పచ్చబొట్టు పొడిపించుకునేవాళ్లని అతనికెవరు చెప్పారు? యంత్రం ఏమందో అదే అన్నాడు. ఆ మాటకొస్తే యంత్రం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఇరవై రెండేళ్ల కిందట, మొదటి సినిమా మొదటి రోజు, కిష్టమ్మ హాల్లో లేచి నిలబడి, "అయ్యో, గిది నా కొడుకు గొంతు గాదు" అని పైకే అనేసింది. చుట్టూ ఉన్నవాళ్లు ఆమెను కూర్చోబెట్టారు. ఇంటికొచ్చాక కొడుకు ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆమె పోయి ఆరేళ్లయింది.

గది మూలన నిలబడ్డ ఉమాశ్రీ అంది, ఆ సినిమాల్లో ఈయనకు వేరేవాళ్లు డబ్బింగ్ చెప్పారు, అది అందరికీ తెలిసిందే కదా, దీనికింత రాద్ధాంతం ఏమిటని. ఆమె మేడ్చల్ పిల్ల. మాట తిన్నగా ఉంటుంది.

"రాద్ధాంతం నాది కాదండీ" అని చైతన్య ఒక కాగితం జరిపాడు. "మరి ఇక్కడ ఇలా ఎందుకు పెట్టారు?"

నెల కిందట నర్సింహ నింపిచ్చిన ఫారం అది. గత చిత్రాలలో గొంతు అన్న చోట రెండు గళ్లున్నాయి. సొంతం, ఇతరులది. సొంతం అన్న గడిలో నీలం సిరాతో టిక్కు. కింద, ఇందులో ఏదైనా అబద్ధమని తేలితే ఒప్పందం రద్దు అన్న వాక్యం. దాని కింద తన సంతకం. ఆ టిక్కు ఎప్పుడు పెట్టాడో నర్సింహకు గుర్తయినా లేదు. చెయ్యి దానంతటదే పోయింది. పదేళ్లపాటు ఎవరడిగినా సొంతమే అని చెప్పిన అలవాటు, నోరు మానుకున్నా వేళ్లు మానుకోలేదు.

ఉమాశ్రీ ఆ కాగితం చూసింది. చూసి బల్ల మీద బోర్లా పెట్టింది. అలా బోర్లా పెట్టడమే నర్సింహకు ఎక్కువ కష్టంగా తోచింది.

చైతన్య చెడ్డవాడు కాదు. తలుపు సరిగ్గా మూసుందో లేదో చూసుకుని ఒక దారి చూపించాడు. గొంతుకు ఏదో జబ్బు చేసి మాట మారిపోయిందని రాసివ్వండి, ఎవరైనా డాక్టరుతో ఒక చీటీ తెచ్చుకోండి, యంత్రం నోరు మూసుకుంటుంది, నేనూ మూసుకుంటాను అన్నాడు. అలా కాక నిజమే రాస్తానంటే ఇంకో చిక్కుంది. ట్రైలర్ మొదట్లో ఆదర్శ్ పాత డైలాగు పది సెకన్లు వేయబోతున్నారు. ఆ గొంతు గల మనిషి సంతకం లేకుండా దాన్ని వాడటానికి వీల్లేదు. ఆ సంతకమూ, సరిచేసిన ఫారమూ ఐదు గంటలకల్లా ముంబై ఆఫీసుకు చేరాలి. చేరకపోతే నటుల జాబితాలో రెండో పేరుకు వెళ్లిపోతారు. రెండో పేరు గల ఆయన అప్పటికే గడ్డం పెంచుకుని సిద్ధంగా ఉన్నాడు.

టైము రెండున్నర.

డాక్టరు చీటీ ఎంతసేపు? మన నర్సింహకు క్యాంపస్ దవాఖానలోనే ఇద్దరు డాక్టర్లు తెలుసు. ఒక్క చీటీతో సోమవారం కెమెరా ముందు నిలబడవచ్చు. ఎనిమిదేళ్లు మంటలార్పే సిలిండర్లకు ముద్రలు చూస్తూ తిరిగిన మనిషికి అదెంత ఆశో మీకూ నాకూ తెలియనిది కాదు. ఒక్క క్షణం సరేనని చెప్పడానికి నోరు తెరిచాడు కూడా.

ఆ తెరిచిన నోటితోనే ఇంకో మాట వచ్చింది.

"నా గొంతుకు ఏ రోగం రాలే. ఆ గొంతు రామ్మోహనరావు గారిది. నేనే పోయి సంతకం తెస్త."

*

రామ్మోహనరావు ఉండే మణికొండకు ఉమాశ్రీ కారులోనే బయలుదేరారు. ఒక సిగ్నల్ దగ్గర, ఆయన ఇల్లు మీకెలా తెలుసని ఆమె అడిగింది. రెండుసార్లు గేటు దాకా పోయి తిరిగొచ్చిన అని చెప్పాడు నర్సింహ.

గేటు దాకా పోయి వెనక్కి ఎందుకొచ్చాడో మనం చెప్పుకుందాం. పదకొండో సినిమా వంద రోజుల పండగ. వేదిక మీద ఒక పిల్ల మైకు పెట్టి, మీ గొంతంటే మాకు ప్రాణం సార్, ఎలా సాధించారు అని అడిగింది. ఆదర్శ్ బాబు జుట్టు ఎగదోసుకుని, "ఇది మా నాన్న ఇచ్చిన ఆస్తి" అన్నాడు. మూడో వరసలో రామ్మోహనరావు కూర్చుని ఉన్నాడు. పదకొండు సినిమాలకు ఆ గొంతు తనది. పదకొండు సినిమాల్లో ఎక్కడా ఆయన పేరు పడలేదు. ఆయన లేచి, భార్య చెయ్యి పట్టుకుని, హాలు బయటికి నడిచాడు. మర్నాటి నుంచి డబ్బింగ్ థియేటరుకు రాలేదు. తర్వాతి సినిమాకు వేరేవాళ్ల చేత చెప్పించారు. జనం మొదటి ఆటకే, ఈ గొంతెవడిది రా అని అరిచారు. నిర్మాతలు మెల్లగా ఫోన్లెత్తడం మానేశారు. ఆఖరికి ఒక టీవీ లైవ్‌లో మొదటి సినిమాలోని పేరు మోసిన డైలాగు చెప్పమంటే నోరు విప్పాడు, అచ్చం జీడిమెట్ల గొంతు బయటికొచ్చింది, యాంకరమ్మ ఫక్కున నవ్వింది. ఆదర్శ్ మైకు నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు. ఆ తునక ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది.

అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. లిఫ్ట్ పనిచేయడం లేదు. తలుపు ముందు నిలబడి నర్సింహ చెమట తుడుచుకున్నాడు, బెల్లు నొక్కాడు. తీసింది రాజరాజేశ్వరి, రామ్మోహనరావు భార్య. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. భీమవరం నుంచి వచ్చి నలభై ఏళ్లయినా మాటలో అక్కడి నీళ్లు ఇంకా ఇంకిపోలేదు. నర్సింహను పై నుంచి కింది దాకా ఒకసారి చూసింది. గుర్తుపట్టడానికి ఆమెకు ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేకపోయింది.

"ఏం బాబూ, తలుపు తట్టడానికి వచ్చారా, లేకపోతే తలుపే లేకుండా చేసి పోదామని వచ్చారా?"

అదే ఆ డైలాగు. ఒకప్పుడు ఆటోల వెనకాల రాయించుకున్న డైలాగు. నర్సింహ తల దించుకున్నాడు. ఆమె అంతటితో ఆపలేదు. ఆ రోజు హాలు బయట ఆటో దొరక్క నలభై నిమిషాలు నిలబడ్డామనీ, లోపల మీ నాన్నగారి ఆస్తికి జనం కొట్టే చప్పట్లు అక్కడికీ వినిపించాయనీ, ఇంటికొచ్చాక ఈయన మూడు రోజులు మంచినీళ్లడగడానికి కూడా నోరు విప్పలేదనీ చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు. అండీ అండీ అంటూనే తోలు వలిచేసింది. మెట్ల మీద ఉమాశ్రీ ఎటు చూడాలో తెలియక చెప్పుల స్టాండు వైపు చూస్తూ నిలబడింది.

"రానీ రాజ్యం" అని భార్యను వారిస్తున్న మాట లోపలి నుంచి వచ్చింది.

నర్సింహ చెప్పులు విడుస్తూ ఆగిపోయాడు. అదే గొంతు. వయసుతో కాస్త గీరుకుపోయింది కానీ ఆ గాంభీర్యం అలాగే ఉంది. తన ముఖం మీద పదేళ్లు బతికిన గొంతు.

రామ్మోహనరావు బాల్కనీలో కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. కూర్చోమన్నాడు. నర్సింహ కూర్చోలేదు. రెండు చేతులూ జోడించి, ఆ రోజు తాను చేసింది పాపమని, ఇన్నేళ్లూ ముఖం చెల్లక రాలేదని, ఇప్పుడు కూడా అవసరం పడితేనే వచ్చానని, ఆ సిగ్గు కూడా తనకు ఉందని చెప్పేశాడు. దాచుకోలేదు. కళ్లు తుడుచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. ఉమాశ్రీ ముందుకొచ్చి కాగితం సంగతి, ఐదు గంటల సంగతి చెప్పింది. ట్రైలర్‌లో ఆయన పేరు ఈసారి పెద్ద అక్షరాలతో వేస్తామంది.

పెద్దాయన అంతా విన్నాడు. చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టాడు.

"పండగనాడు నువ్వన్నదాన్ని నేనెప్పుడో వదిలేశాను నర్సింహా. హీరోలు అబద్ధాలాడటం మాకు కొత్తా? నన్ను బాధపెట్టింది పది రోజుల కిందట నువ్వు మాట్లాడిన వీడియో."

ఆ వీడియో సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సిరీస్ ప్రచారం కోసం ఉమాశ్రీ తీయించింది. మా మాట హీరోకు పనికిరాదన్నరు, వాళ్లు నా గొంతు నొక్కేసిన్రు అని నర్సింహ కెమెరా వైపు చూసి చెబితే లక్షల మంది చూశారు, ఏడ్చారు, కామెంట్లలో సినిమావాళ్లను ఉతికి ఆరేశారు. సిరీస్ ప్రచారమంతా ఆ ఒక్క మాట మీదే నిలబెట్టింది ఉమాశ్రీ. మేడ్చల్ నుంచి వచ్చి కాలేజీలో తన మాటకు నవ్వులపాలైన పిల్ల. అది ఆమె సొంత కథలాగే అనిపించింది.

"వాళ్లు అన్నావు. ఆ వాళ్లలో నేనూ ఉన్నానని లోకం అనుకుంటోంది. నీ గొంతు నొక్కి నాది పెట్టానని. మా మనవరాలు వచ్చి, నిజమా తాతయ్యా అని అడిగింది" అన్నాడు రామ్మోహనరావు.

నర్సింహ ఏదో చెప్పబోయాడు. అది మీ గురించి కాదు రావుగారూ, నిర్మాతల గురించి అని. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

పైలట్ ట్రాక్ అంటే ఏమిటో ఆ అమ్మాయికి తెలుసా అని అడిగాడు. తెలుసు అంది ఉమాశ్రీ. షూటింగప్పుడు నటుడు మాట్లాడే అసలు గొంతును గుర్తు కోసం రికార్డు చేసుకుంటారు. డబ్బింగ్ చెప్పేవాళ్లు చెవులకు పెట్టుకుని వింటారు. పని అయ్యాక దాన్ని ఎవరూ పట్టించుకోరు.

పదకొండు సినిమాల పాటు ఇతని అసలు గొంతు విన్నవాణ్ని నేనొక్కణ్నే అన్నాడు పెద్దాయన. ఇతను ఊపిరి తీసిన చోట తాను ఊపిరి తీశాడట. ఇతను ఆగిన చోట ఆగాడట. మాట మాత్రం గోదావరి మాటగా మార్చి ఆ పెదాలకు సరిపెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చేదట. మొదటి సినిమాకే నిర్మాత వెంకటనారాయణ దగ్గరికి వెళ్లి, ఈ పిల్లవాడి గొంతే ఉంచండి, నేను తప్పుకుంటాను అని చెప్పాడట.

నర్సింహ నిర్ఘాంతపోయాడు. ఈ సంగతి తనకు తెలియనే తెలియదన్నాడు.

"తెలియదా?" అన్నాడు పెద్దాయన. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే ఆశ్చర్యపడ్డాడు. లేచి లోపలికెళ్లి ఫోను తెచ్చుకున్నాడు. ఇంట్లో సాధన చేసుకోవడానికి అప్పట్లో సౌండ్ ఇంజనీరు ఇచ్చిన క్యాసెట్టును మనవరాలు అందులోకి ఎక్కించి పెట్టిందట. కళ్లజోడు సర్దుకుని, వేలితో రెండుసార్లు తప్పు చోట నొక్కి, మూడోసారి సరిగ్గా నొక్కాడు.

జనరేటర్ మోత. క్లాపు కొట్టిన చప్పుడు. ఆపైన ఇరవై ఆరేళ్ల నర్సింహ.

"తలుపు కొట్టనీకి రాలే. తలుపే లేకుంట చేసి పోదామని వచ్చిన."

వంటింటి గుమ్మంలో రాజరాజేశ్వరి నిలబడిపోయింది. ఎంత బాగుందో ఆ మాట. టీవీలో యాంకరమ్మ నవ్విన గొంతు అదే. కానీ అందులో వణుకు లేదు, వేషం లేదు. జీడిమెట్ల ఫ్యాక్టరీ గేటు ముందు కార్మికులు నిలబడి మాట్లాడినట్టుంది. నర్సింహ తన గొంతును తానే మొదటిసారి విన్నట్టు విన్నాడు. ట్రైలర్‌లో వేయాల్సింది ఇదే అన్నా అంది ఉమాశ్రీ.

పెద్దాయన ఆపలేదు. "ఉండమ్మా. ఇంకా ఉంది" అన్నాడు.

కట్ అని ఎవరో అరిచారు. మైకు ఆపడం మరిచిపోయినట్టున్నారు. కుర్చీ లాగిన చప్పుడు, టీ గ్లాసుల చప్పుడు. ఆ తర్వాత వెంకటనారాయణ గొంతు తీరిగ్గా వినిపించింది.

"ఏం బాబూ, రామ్మోహనరావు పట్టు వదలడం లేదు. నీ గొంతే ఉంచమంటాడు. డైరెక్టరు సరే అన్నాడు, నాకూ అభ్యంతరం లేదు. నువ్వేమంటావు?"

కొద్దిసేపు జనరేటర్ మోత ఒక్కటే. తర్వాత చిన్న నవ్వు. సిగ్గుతో కూడిన నవ్వు. నర్సింహ ఆ నవ్వును గుర్తుపట్టాడు. గుర్తుపట్టిన క్షణంలోనే తర్వాత రాబోయే మాట కూడా గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఎక్కడో అడుగున తొక్కిపెట్టి ఉంచిన మాట. ఫోను లాక్కుందామని చెయ్యి చాచాడు కూడా. అందలేదు.

"ఒద్దు సార్. మా అమ్మ మాట్లాడినట్టే ఉంటది. జనం నవ్వుతరు. రావుగారి గొంతే పెట్టుండ్రి. కాకుంటే ఆయన పేరు మాత్రం ఎక్కడ వేయకుండ్రి."

అక్కడితో అయిపోయింది.

బాల్కనీ కింద ఎవరో కారు వెనక్కి తీస్తున్నారు. నర్సింహ నెమ్మదిగా గోడకు ఆనుకుని, అలాగే నేల మీద కూలబడ్డాడు. హాల్లో లేచి నిలబడ్డ కిష్టమ్మ కళ్ల ముందు కనిపించింది. ఆ రెండు రోజులూ ఆమె అన్నం కంచం తెచ్చి ముందు పెడితే తాను గోడ వైపు తిరిగి పడుకున్నది కనిపించింది. ఎవరూ నొక్కలేదు తన గొంతు. తానే నొక్కుకున్నాడు. దానితోపాటు అమ్మ గొంతు కూడా నొక్కేశాడు.

రామ్మోహనరావు కాగితం తీసుకుని కుర్చీ చేతి మీద పరుచుకున్నాడు. పెన్ను మూత తీశాడు.

"సంతకం పెడతాను. నా గొంతు వాడుకోండి, నాకేమీ వద్దు. ఒకటే షరతు. ట్రైలర్‌లో ఈ టేపు కూడా వేయాలి. మొత్తం. నీ జవాబుతో సహా."

అంటే లక్షల మంది విన్న ఆ వీడియో అబద్ధమని చాటుకోవాలి. అంటే ఉమాశ్రీ నమ్ముకుని నిలబెట్టిన సిరీస్ ప్రచారమంతా కూలిపోవాలి. అంటే పన్నెండేళ్ల తర్వాత జనం మళ్లీ దగ్గరికి తీసుకుంటున్న మనిషి, తల్లి మాటకు సిగ్గుపడ్డ కొడుకుగా తెర మీదికి రావాలి.

గోడ గడియారంలో నాలుగూ ఇరవై. ఉమాశ్రీ ఫోను మోగింది. తెర మీద చైతన్య పేరు. ఆమె ఎత్తలేదు. నర్సింహ ఎదురుగా నేల మీద కూర్చుని, అతని ముఖం వైపు కాదు, నోటి వైపు చూస్తూ అడిగింది.

"అన్నా, వాళ్లు నొక్కిన్రని నాతోని చెప్పినప్పుడు, ఇది నీకు యాదికి ఉండెనా? లేకుండెనా?"